వెతికితే దొరకని పేర్లు: చరిత్ర పరిశోధనలో కంప్యూటర్



చరిత్ర పరిశోధనకు కంప్యూటర్ ఎలా ఉపయోగపడుతుంది, ఎక్కడ మనల్ని పక్కదారి పట్టిస్తుంది అనే విషయాన్ని ఈ ప్రసంగంలో పరిశీలిద్దాం.

కొన్ని సంవత్సరాల క్రితం వరకు బ్రిటిషు పాలనాకాలపు ఒక ఫైలు చూడాలంటే ఢిల్లీ వెళ్ళి, జాతీయ అభిలేఖాగారంలో పేరు నమోదు చేసుకుని, చీటీ రాసి ఇచ్చి, ఫైలు వచ్చేదాకా కూర్చోవాలి. 2015లో ఆ సంస్థ 'అభిలేఖ్ పటల్' అనే వెబ్‌సైటును ప్రారంభించింది. దానితో ఎన్నో పత్రాలను ఇంటి దగ్గరి నుంచే చూసే వీలు కలిగింది. పార్వతీపురంలోనో, ఆదిలాబాద్‌లోనో చదువుకునే విద్యార్థికి ఇది సామాన్యమైన మేలు కాదు. రైలు ఖర్చు, బస ఖర్చు భరించగలిగినవారికే పరిశోధన అనే పరిస్థితి కొంతైనా తగ్గింది.

అయితే పని పద్ధతి కూడా మారిందని గమనించండి. పూర్వం పరిశోధకుడు ఒక సంగతి కోసం పుటలు తిప్పుతూ దారిలో మరో పది సంగతులు చూసేవాడు. ఇప్పుడు మనం ఒక మాట టైపు చేస్తాం. ఉంటే వస్తుంది. లేకపోతే 'ఫలితాలు లేవు' అని తెర మీద కనబడుతుంది. ఆ రెండు మాటలకు అర్థం ఏమిటి? ఆ మనిషి అక్కడ లేడనా, పత్రం లేదనా, మనం అడిగిన తీరు తప్పనా? ఇది తేల్చుకోకుండా ముందుకు పోతే, లేని చరిత్రను రాసినవాళ్ళం అవుతాం.

ఈ సంగతిని గాలిలో మాట్లాడటం కంటే ఒక్క ఉదాహరణను పట్టుకుని చివరిదాకా నడుద్దాం. దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతానికి మన దేశం నుంచి వెళ్ళిన ఒప్పంద కూలీల ఓడ పట్టీలు ఆ ఉదాహరణ.

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. చెరకు తోటల్లో అయిదేళ్ళు పనిచేయటానికి ఒప్పందం మీద వెళ్ళినవారు వీరు. మొదటి ఏడాది మగవాడికి నెలకు 10 షిల్లింగుల జీతం. అది మొదలు 1911లో ఈ పద్ధతి ఆగిపోయేదాకా మొత్తం 1,52,184 మంది అలా వెళ్ళారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. అంటే తమిళులు, తెలుగువారు. మిగిలినవారు కలకత్తా రేవు నుంచి వెళ్ళారు.

ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇచ్చి, పట్టీలో ఒక వరస రాశారు. పేరు, తండ్రి పేరు, వయసు, స్త్రీయా పురుషుడా, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తులు - ఇవీ అందులోని గడులు. ఆ సంఖ్య మనిషిని వదిలేది కాదు. ప్రభుత్వ కాగితాల్లో అతని పేరు పక్కన అది నిలిచేది. మానవత్వం దృష్టిలో ఇది బాధాకరమైన విషయమే. కాని పరిశోధకుడికి ఆ సంఖ్య తాళంచెవి వంటిది. ఓడ పట్టీలోని మనిషిని, తరువాతి కాలపు మరో రిజిస్టరులోని మనిషిని కలిపి ఒక్కరే అని చెప్పటానికి పేరు కంటే అదే నమ్మకమైన ఆధారం.

ఈ పట్టీలను చేత్తో లెక్కపెట్టటం ఒక మనిషి జీవితకాలంలో అయ్యే పని కాదు. సురేంద్ర భానా అనే చరిత్రకారుడు 1860 నుంచి 1902 వరకు గల పట్టీల్లోని 95,382 మంది వివరాలను విశ్లేషించి 1991లో ఒక గ్రంథం ప్రకటించారు. ఏ జిల్లా నుంచి ఎందరు, ఏ వయసువారు, స్త్రీలు ఎందరు అన్న ప్రశ్నలకు ఊహలతో కాక అంకెలతో జవాబు చెప్పే అవకాశం అలా వచ్చింది. తరువాత ఈ వివరాలు డేటాబేస్ రూపంలో సామాన్యులకూ అందుబాటులోకి వచ్చాయి. దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబాలవారు తమ ముత్తాత ఏ ఊరివాడో తెలుసుకోవటానికి వాటిని వెతుకుతున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అటువంటి డేటాబేసులో మీరు గాంధీ అని వెతికారనుకోండి. మోహన్‌దాస్ కరమ్‌చంద్ గాంధీ దొరకరు. ఆయన 1893లో నేటాల్‌లో దిగిన మాట అందరికీ తెలుసు. కాని ఆయన ఒప్పంద కూలీగా వెళ్ళలేదు. దాదా అబ్దుల్లా కంపెనీ వ్యాజ్యం పని మీద, బారిష్టరుగా వెళ్ళారు. తమ ఖర్చుతో వెళ్ళిన వ్యాపారులు, ఉద్యోగులు ఈ పట్టీల్లో ఉండరు. నేటాల్‌లోనే పుట్టిన బిడ్డలూ ఉండరు. గాంధీ విషయంలో మనకు సంగతి ముందే తెలుసు కనుక నవ్వి ఊరుకుంటాం. తెలియని మనిషి విషయంలో ఏం చేస్తాం? 'అతను నేటాల్ వెళ్ళలేదు' అని రాసేస్తాం. కాబట్టి ఏ డేటాబేసు తెరిచినా మొదటి ప్రశ్న ఇదే కావాలి: ఇది ఎవరి పట్టీ? ఎవరు, ఏ అవసరం కోసం, ఎవరిని లెక్కపెట్టటానికి తయారుచేశారు?

రెండవది పేర్ల సంగతి. కూలీకి చదువు రాదు. తన పేరు నోటితో చెప్పాడు. గుమాస్తా తన చెవికి వినబడినది ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఆ గుమాస్తా తమిళం మాట్లాడేవాడైతే తెలుగు పేరు తమిళపు నడక నడుస్తుంది. అప్పలస్వామి అనే ఒక్క పేరు అప్పలసామి, అప్పల్‌సామి, అపలసోమి అని మూడు రకాలుగా రాసే వీలుంది. బొబ్బిలి అనే ఊరు పొప్పిలి కావచ్చు. తరువాత ఎప్పుడో ఆ వంకర చేతిరాతను చూసి కంప్యూటర్లో ఎక్కించినవారు తెలుగు తెలియనివారైతే మరొక అక్షరం మారుతుంది. చెప్పినవాడి నోరు, విన్నవాడి చెవి, రాసినవాడి చెయ్యి, టైపు చేసినవాడి కన్ను - ఇన్ని మజిలీలు దాటి వచ్చిన పేరు అది. మీరు ఈనాటి స్పెల్లింగుతో వెతికి దొరకలేదంటే ఆశ్చర్యం లేదు.

అందులో ఇంటిపేరుకు వేరే గడి లేదన్న సంగతి కూడా చూడండి. తెలుగువాడు తనను తాను చెప్పుకోవటంలో మొదట వచ్చేది ఇంటిపేరు. ఆ పట్టీ తయారుచేసినవారికి ఆ సంగతి అక్కరలేకపోయింది. కొండపల్లి వారో, పైడిపాటి వారో అడుగుదామంటే అడగటానికి చోటే లేదు. దక్షిణాఫ్రికాలో నేడు ఇంటిపేరుగా చెలామణీలో ఉన్న 'నాయుడూ' నిజానికి ఇంటిపేరు కాదు, పేరు చివర వచ్చే గౌరవవాచకం. అక్కడి కాగితాలకు ఒక ఇంటిపేరు కావలసి వచ్చింది, ఉన్నదానితో సరిపెట్టుకున్నారు.

ఇక జిల్లాల దగ్గరకు వద్దాం. తెలుగు విద్యార్థులు మరీ జాగ్రత్తగా ఉండవలసిన చోటు ఇది. పట్టీలో జిల్లా అన్న గడిలో 'గంజాం' అని ఉందనుకోండి. ఈనాటి పటం తెరిచి చూస్తే గంజాం ఒడిశాలో ఉంది. 'సరే, ఇతను ఒడియా మనిషి' అని లెక్క వేస్తాం. కాని ఆ రోజుల్లో చికాకోల్, అంటే మన శ్రీకాకుళం, గంజాం జిల్లాలోనే ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు శ్రీకాకుళం ప్రాంతాన్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950లో అది ప్రత్యేక జిల్లా అయింది. కనుక 1880లో ఓడ ఎక్కిన శ్రీకాకుళం మనిషి కోసం శ్రీకాకుళం జిల్లా అని వెతికితే దొరకడు, అతను గంజాంలో ఉంటాడు.

అటు చివర కూడా ఇదే తంతు. 'ఉత్తర ఆర్కాటు' అని కనబడితే తమిళనాడు అనుకుంటాం. కాని చిత్తూరు పట్టణం, దాని చుట్టుపక్కల తాలూకాలు అప్పట్లో ఉత్తర ఆర్కాటులోనివి. మదనపల్లె వైపు ఊళ్ళు కడప జిల్లాలోనివి. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. నేటాల్‌కు ఓడలు ఆగిపోయినదీ సరిగ్గా ఆ ఏడాదే. అంటే ఆ అర్ధ శతాబ్దమంతా చిత్తూరు జిల్లా అనేదే లేదు. ఆ పట్టీలను ఈనాటి పటం మీద పరిచి రంగులు వేసే విద్యార్థి ఎందరు తెలుగువారిని తెలియకుండానే ఒడిశాకూ తమిళనాడుకూ ఇచ్చేస్తాడో ఆలోచించండి. కంప్యూటర్ చేసిన పటం చూడటానికి అందంగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే ఉంది.

కులం గడి గురించి కొద్దిగా చెప్పి ముందుకు పోతాను. యూరోపియన్లు చాలాకాలం తెలుగువారిని 'జెంటూ' అని పిలిచేవారు. 1816లో అచ్చయిన ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం శీర్షికలోనే ఈ మాట కనబడుతుంది. బర్మాలో తెలుగు కూలీలకు 'కొరంగీ' అనే పేరు వచ్చింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అది. ఒక రేవు పేరు ఒక జనానికి పేరైంది! పాత ఇంగ్లీషు రికార్డుల్లో 'తెలుగు' అన్న ఒక్క మాటనే పట్టుకుని వెతికేవారు జెంటూలను, కొరంగీలను దాటిపోతారు. అందుకే వెతకటానికి కూర్చునే ముందు ఆ కాలపు మాటల పట్టిక ఒకటి తయారుచేసుకోవాలి. మచిలీపట్నానికి మసూలిపటం, ఏలూరుకు ఎల్లోర్, కాకినాడకు కొకనాడ, విజయవాడకు బెజవాడ. ఇది పుస్తకం ముందు పెట్టుకుని చేతితో చేయవలసిన పని. దీన్ని ఏ యంత్రమూ మనకోసం అడగకుండా చేసిపెట్టదు.

అంకెల విషయంలోనూ ఇలాంటి మెలకువే కావాలి. పట్టీల్లోని వారిని సంవత్సరాల వారీగా లెక్కించి గీత గీశారనుకుందాం. 1860 నుంచి 1866 వరకు గీత నడుస్తుంది. తరువాత 1874 దాకా ఖాళీ. మళ్ళీ పైకి లేస్తుంది. కంప్యూటర్ గీసిన ఆ గీతను మాత్రమే చూసిన విద్యార్థి ఆ ఎనిమిదేళ్ళు ఇక్కడ పంటలు బాగా పండాయి కాబోలు, ఎవరూ వలస పోలేదు అని రాయవచ్చు. వాస్తవం దాదాపు తలకిందులు. 1866లోనే ఒరిస్సాలో, గంజాంలో ఘోరమైన కరువు వచ్చింది. ఓడలు ఆగింది నేటాల్‌లో వ్యాపారం దెబ్బతిన్నందువల్ల. అయిదేళ్ళు, పదేళ్ళు పనిచేసి తిరిగివచ్చిన కూలీలు అక్కడి బాధలు చెప్పుకోగా, 1872లో నేటాల్‌లో విచారణ సంఘం కూర్చుంది. ఆ తరువాతే 1874లో ఓడలు మళ్ళీ కదిలాయి. గీతలోని ఖాళీకి కారణం ఆ గీతలో ఉండదు. దాన్ని ఫైళ్ళలో, నివేదికల్లో చదవాలి.

స్త్రీల సంఖ్య ఇంకా ఆసక్తికరం. వంద మంది పురుషులకు నలభై మంది స్త్రీలు ఉండాలని ఆ కాలంలో ప్రభుత్వం నియమం పెట్టింది. తరువాతి ఓడల్లో ఆ నిష్పత్తి దగ్గర దగ్గరగా కనబడితే అది కుటుంబాల నిర్ణయమని, సామాజిక మార్పు అని సిద్ధాంతాలు అల్లే పని లేదు. చట్టం తన లెక్క పూర్తిచేసుకుంటోంది, అంతే. వయసులు కూడా అంతే. తమ పుట్టినరోజు తెలియని జనం ఉన్నచోట 20, 25, 30 అనే అంకెల దగ్గర వయసులు గుట్టలు పడటం మన జనాభా లెక్కల్లో పాత సంగతి. సరాసరి వయసు 23.7 అని కంప్యూటర్ చుక్క పెట్టి మరీ చెప్పినా, దాని కింద ఉన్నది ఒక గుమాస్తా కంటిచూపు అంచనా. ఆ .7కు విలువ లేదు.

మరి ఈ కష్టాలన్నీ ఉన్నప్పుడు కంప్యూటర్ ఎందుకు అని మీకు అనిపించవచ్చు. వద్దని నేను అనను. అట్లాంటిక్ బానిస వ్యాపారం మీద తయారైన డేటాబేసును చూడండి. 36,000కు పైగా ఓడ ప్రయాణాలను ఒకచోట చేర్చి, సుమారు కోటి ఇరవై అయిదు లక్షల మందిని ఆఫ్రికాలో ఓడ ఎక్కించారని, సుమారు కోటి ఏడు లక్షల మంది మాత్రమే ఒడ్డు చేరారని అంచనా కట్టగలిగారు. ఆ మధ్య తేడా ఎంతో మీరే లెక్కవేయండి. కాగితాలు విడివిడిగా ఉన్నంతకాలం ఈ మాట ఇంత బలంగా చెప్పటం ఎవరివల్లా కాలేదు. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానపు 1674 నుంచి 1913 వరకు గల విచారణల నివేదికలను 2003 నుంచి ఇంటర్నెట్‌లో ఉంచారు. అందులో చాలా భాగాన్ని ఇద్దరు మనుషులు విడివిడిగా టైపు చేయగా, ఆ రెంటినీ కంప్యూటర్ పోల్చి తేడాలు చూపింది. ఖర్చుతో కూడిన పనే. కాని అక్షరం మీద నమ్మకం అలా వస్తుంది.

ఈ రెండు టైపుల పద్ధతిని మీ తరగతి గదిలోనే అభ్యాసం చేయవచ్చు. ఉపాధ్యాయులు ఒక పాత పత్రం పుట తీసుకుని ఇద్దరిద్దరు విద్యార్థుల చేత, ఒకరిది మరొకరు చూడకుండా ఎక్కించాలి. ఆపైన పోల్చి చూడాలి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే పాఠం మొదలవుతుంది. పట్టికలో ఒక నియమం మాత్రం తప్పనిసరి: మూలంలో ఎలా ఉందో అలాగే రాయటానికి ఒక గడి, మనం సరి అనుకున్న రూపానికి పక్కన వేరొక గడి. మూలాన్ని చెరిపి దాని మీద మన ఊహ రాయకూడదు. పొప్పిలి అని ఉంటే పొప్పిలి అనే ఉండనివ్వండి. 'బొబ్బిలి కావచ్చు' అన్నది మీ మాటగా పక్కన ఉండాలి. రేపు మరొక పరిశోధకుడు వచ్చి అది బొబ్బిలి కాదని నిరూపించే దారి తెరిచి ఉంచాలి కదా!

బొమ్మలోని అక్షరాలను యంత్రమే చదివే ఓసీఆర్ పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. ఇంగ్లీషు అచ్చుకు అది ఎప్పటినుంచో ఉంది. తెలుగులో ఒత్తులు అక్షరం కింద, పక్కన చేరటం వల్ల, పాత అచ్చులో అరసున్న, బండి ఱ వంటివి ఉండటం వల్ల యంత్రం ఎక్కువ తడబడుతుంది. ఈమధ్య చేతిరాతను కూడా చదివే కృత్రిమ మేధ ఉపకరణాలు వచ్చాయి. ఇవి నిజంగా పనికివచ్చేవే. కాని ఒక ప్రమాదం ఉంది. పాత ఓసీఆర్ తప్పు చేస్తే అర్థంలేని అక్షరాలు కనబడేవి, మనం పట్టుకునేవాళ్ళం. కొత్త ఉపకరణం తెలియని పేరు స్థానంలో తనకు తెలిసిన నిక్షేపమైన పేరొకటి పెట్టగలదు. ఖాళీ గడి కంటే నమ్మదగినట్టు కనబడే తప్పుడు పేరే ఎక్కువ హాని చేస్తుంది.

మన భాషకు సంబంధించి మరొక ఇబ్బంది ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. అయినా మన ప్రచురణ రంగం చాలాకాలం యూనికోడ్ కాని అను వంటి ఫాంట్లలోనే పనిచేసింది. ఆ ఫైళ్ళు కంటికి తెలుగులా కనబడతాయి గాని, వాటిలో తెలుగు మాట టైపు చేసి వెతకలేం. ఇక 2000ల ఆరంభంలో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. వాటి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు ఎక్కించారు. పుస్తకం ఉంటుంది, పేరు పెట్టి పిలిస్తే పలకదు. తరువాత ఆ వెబ్‌సైటే మూతపడింది. అందులోని పుస్తకాలు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉండబట్టి మనకు దక్కాయి. కాబట్టి వెబ్‌సైటులో ఏదైనా ఆధారం చూసినప్పుడు పత్రం పేరు, సంఖ్య, అది ఏ అభిలేఖాగారానిది, మీరు చూసిన తేదీ, మీరు వెతికిన మాట - అన్నీ అక్కడికక్కడే రాసిపెట్టుకోండి. ఏ ఏ మాటలతో వెతికి విఫలమయ్యారో కూడా రాయండి.

చివరగా ఒక అభ్యాసం ఇస్తున్నాను. డర్బన్ నుంచి ఒకరు మీకు ఉత్తరం రాశారనుకోండి. తమ ముత్తాత పట్టీలో జిల్లా 'విజాగపటం' అని, ఊరు 'కొత్తవలస' అని ఉంది, అది ఎక్కడ అని అడిగారు. ఉత్తరాంధ్రలో కొత్తవలసలు ఒకటి కాదు. వలస వచ్చిన జనం కట్టుకున్న ఊళ్ళు కనుకనే అక్కడ ఇన్ని ఊరి పేర్ల చివర వలస అన్న మాట ఉంది. ఆనాటి విశాఖపట్నం జిల్లా కూడా ఇప్పుడు అనేక జిల్లాలుగా విడిపోయింది. మొదట జనాభా లెక్కల గ్రామాల జాబితాలో ఆ పేరుగల ఊళ్ళన్నిటినీ తీయండి. పాత జిల్లా హద్దులో లేనివాటిని కొట్టివేయండి. పట్టీలో ఠాణా గడి చూడండి, అది చదవటానికి వీలుగా ఉంటే ఇంకొన్ని పోతాయి. అదే ఓడలో, పక్క సంఖ్యల్లో ఉన్నవారి ఊళ్ళేమిటో చూడండి, ఒకచోటివారు కలిసి బయలుదేరి ఉండవచ్చు. ఇంత చేసినా రెండు మూడు ఊళ్ళు మిగులుతాయి. అప్పుడు మీరు రాసే జవాబులో ఆ ఊళ్ళన్నిటి పేర్లూ ఉండాలి, ఒక్కొక్కటి ఎందుకు మిగిలిందో ఉండాలి. ఒక్కదానినే ఎంచి పంపితే వారు విమానం ఎక్కి అక్కడికే వస్తారు.